తారల కీర్తియు మన్యపు గ్రామసభయు

ప్రజలచే ప్రేమింపబడిన నటుడు ప్రజాధికారమును చేపట్టునప్పుడు, అతనికి లభించిన ప్రేమ యెంతవరకు అతని సొత్తు, ఎంతవరకు ప్రజలు అతనియొద్ద దాచుకొన్న నిక్షేపము అను ప్రశ్న తెలుగునాట నలుబదియేండ్లుగా వినబడుచునే యున్నది. దానికి సమాధానము రాజధానీ నగరముల సభామందిరములలోకంటె, పాడేరునుండి అరకునకు పోవు త్రోవలోనున్న హుకుంపేటవంటి మండలమున, తారురోడ్డు ముగిసి కాలిబాట మొదలగు చోట, స్పష్టముగా కనబడును.

హుకుంపేట అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గిరిజన మండలములలో నొకటి. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు వర్తించు ప్రదేశము. భగతలు, కొండదొరలు, కోందులు, వాల్మీకులు, కోటియాలు మున్నగు తెగలవారు కాఫీ గింజలను, మిరియములను, పసుపును, అల్లమును, రాజ్‌మా చిక్కుళ్లను సంతకు దింపుకొనివచ్చి, ఉప్పును, నూనెను, బట్టలను కొనుక్కొని మరల కొండ యెక్కిపోవుట యిచ్చటి జీవనక్రమము. శివరాత్రినాడు మత్స్యగుండమున జరుగు జాతరకు మైదానమునుండియు జనము వత్తురు. ఆ సంతలోను, ఆ జాతరలోను, ఆటోల అద్దములపైనను, యువకుల సెల్‌ఫోనులలోను తెలుగు చలనచిత్ర తారల ముఖములు కనబడనిచోటు లేదు. కాని ఆ యువకుని యింట గర్భిణికి నొప్పులు వచ్చిననాడు, అంబులెన్సు రాగలచోటివరకు ఆమెను డోలీ కట్టి, గెడ్డలు దాటించి, బంధువులు భుజములపై మోసికొని రావలసిన కొండశిఖర గ్రామములు ఈ మన్యమున నేటికిని ఉన్నవి. తార ముఖము చేరినచోటికి రోడ్డు చేరలేదు. ఈ యెడబాటును తీర్చుటలో తారకు గల బాధ్యత యెట్టిదో విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

2025 ఏప్రిల్ 7వ తేదీన ఉపముఖ్యమంత్రి శ్రీ పవన్ కల్యాణ్ హుకుంపేటకు పొరుగుననున్న డుంబ్రిగుడ మండలపు పెదపాడు గ్రామమునకు వచ్చి, 'అడవితల్లి బాట' అను పేర 1,005 కోట్ల రూపాయల అంచనాతో, వేయి కిలోమీటర్లకు పైబడిన గిరిజన గ్రామముల రోడ్ల నిర్మాణమును ప్రారంభించిరి. అంతకు కొన్నిమాసముల ముందు, 2024 డిసెంబరులో, పార్వతీపురం మన్యం జిల్లాలోని బాగుజోల కొండలకు నడచి వెళ్లి అచ్చటను రోడ్లకు శంకుస్థాపన చేసియుండిరి. పెదపాడులో పలువురు పాదరక్షలు లేక నడచుట చూచి, తరువాత ఆ యూరివారికి చెప్పులు పంపిరి. ఇవి యన్నియు ప్రశంసార్హములు. వీనిని మెచ్చుకొనుటకు మరియొక కారణము గూడ కలదు. 2024 ఎన్నికలలో రాష్ట్రమంతట కూటమిగాలి వీచినను, హుకుంపేట చేరియున్న అరకు శాసనసభాస్థానమును, పాడేరు స్థానమును మన్యపు ఓటర్లు ప్రతిపక్షమున కిచ్చిరి. తమకు ఓటు వేయని కొండలకు ముందుగా రోడ్డు వేయబూనుట ప్రజాస్వామ్యమున అరుదైన సంస్కారము. అది యెవరు చేసినను ఒప్పుకొనవలెను.

అయినను ఈ రోడ్ల ధనము ఎవరిదో మరువరాదు. కేంద్రప్రభుత్వపు జన్‌మన్ పథకమునుండియు, గ్రామీణ ఉపాధి హామీ నిధులనుండియు, గిరిజన ఉపప్రణాళికనుండియు వచ్చిన ప్రజాధన మది. చట్టముచే, రాజ్యాంగముచే గిరిజనులకు చెందవలసిన భాగము. నటుడైన మంత్రి దానికి చేర్చినది తన సంకల్పమును, తన వెంటవచ్చు కెమెరాల దృష్టిని. ఈ రెండును చిన్నవి కావు. దశాబ్దములపాటు దస్త్రములలో నిద్రించిన ప్రతిపాదనలు ఒక ప్రసిద్ధుని రాకతో మేల్కొనుట మన పరిపాలనలో నిత్యానుభవము. కాని దృష్టి మరలిన మరునాడు ఆ రోడ్డు ఏమగును? మన్యమున తొలకరికే గండిపడు దారులును, సగములో నిలిచిన కల్వర్టులును, శంకుస్థాపన ఫలకము మాత్రమే మిగిలిన చోట్లును ప్రజ లెరుగనివి కావు. కాబట్టి తార యొక్క సామాజిక బాధ్యతను అతడు వచ్చిననాటి జయజయధ్వానములనుబట్టి గాక, అతడు రానినాటి పనులనుబట్టి కొలువవలసియున్నది.

ఈ కొండలలో రోడ్డునకు దీర్ఘమైన చరిత్ర కలదు. 1882నాటి మద్రాసు అటవీచట్టము పోడు వ్యవసాయమును అడ్డగింపగా, గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ కొండవారిచేత వెట్టికి సమానమైన కూలికి రోడ్డుపని చేయించెను. ఆ పీడనమే రంపా పితూరీకి కారణములలో నొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుఠాణాపై దాడితో మొదలైన ఆ పోరాటము 1924 మే నెలలో అల్లూరి సీతారామరాజు బలిదానముతో చల్లారెను. ఆయన వెంట నడచిన గాము గంటందొర పోరులోనే నేలకొరిగెను. గంటందొర సోదరుడు మల్లుదొర కారాగారశిక్ష ననుభవించి, స్వాతంత్ర్యానంతరము 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యెను. రోడ్డు పేర పీడింపబడిన ప్రజలలోనుండి ఒకడు ముప్పదియేండ్లకు పార్లమెంటున ఆసీనుడగుట ఈ దేశ చరిత్రలో మహత్తరఘట్టము. కాని నేడు మన్యపు పాఠశాలలో మల్లుదొర పేరు చెప్పగల బాలు రెందరు?

వారికి తెలిసిన అల్లూరి కథ ప్రధానముగ వెండితెరది. 1974లో శ్రీ కృష్ణ కథానాయకుడుగా వెలువడిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రము చింతపల్లి ప్రాంతపు అడవులలో చిత్రింపబడి, తెలుగువారి హృదయములలో ఆ మహనీయునికి శాశ్వతరూపము నిచ్చెను. ఆ నటుడు తరువాత 1989లో ఏలూరునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. 2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రము అల్లూరి, కొమరం భీం పేర్లను ప్రపంచమంతట మారుమ్రోగించి, 2023 మార్చిలో తెలుగు పాటకు ఆస్కారు బహుమానమును సంపాదించిపెట్టెను. ఇది తెలుగుజాతి కంతకును గర్వకారణము. అయితే ఈ కీర్తిప్రవాహమునకు మూలధార మన్యపు కొండలలోను, ఆదివాసుల రక్తములోను ఉన్నదని తలచినప్పుడు, చలనచిత్రసీమ మన్యమునకు ఋణపడియున్నదనుట అతిశయోక్తి కాదు. ఆ ఋణమును తీర్చుమార్గ మేది?

ఈ ప్రశ్నకు అమెరికా అనుభవము కొంత వెలుగునిచ్చును. ఏలయన, తారలకును రాజకీయములకును మధ్య గోడలేని దేశములలో అది ముఖ్యమైనది. నటుల సంఘమునకు అధ్యక్షుడుగను, 1967నుండి 1975వరకు కాలిఫోర్నియా గవర్నరుగను పనిచేసిన రోనాల్డ్ రేగన్ 1981 జనవరిలో ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను. దాదాపు రెండేండ్లకు, 1983 జనవరి 9న, శ్రీ నందమూరి తారకరామారావు పార్టీ స్థాపించిన తొమ్మిదిమాసములకే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యయ్యెను. రాయలసీమ క్షామమునకు 1952లోను, దివిసీమ ఉప్పెన బాధితులకు 1977లోను జోలెపట్టి తిరిగిన నటు డాయన. ఆ సంచారములు ప్రజలకును ఆయనకును మధ్య వెండితెరకు మించిన బంధము నేర్పరచెను. కాని మన్యమునకు ఆయన పాలన మిగిల్చిన మేళ్లలో ముఖ్యమైనదానిని స్మరింపవలెనన్న, సభలను, రథయాత్రలను గాక, ఒక కాగితపుముక్కను స్మరింపవలెను. 1986 నవంబరు 5న వెలువడిన 275వ నంబరు ఉత్తర్వు షెడ్యూలు ప్రాంతపు పాఠశాలలలో ఉపాధ్యాయపదవులను గిరిజనులకే కేటాయించెను. దాని స్థానమున 2000 సంవత్సరమున వచ్చిన 3వ నంబరు ఉత్తర్వు ఆ హక్కును స్థానిక గిరిజనులకు స్థిరపరచెను. కువి మాటలాడు పిల్లవానికి కువి తెలిసిన పంతులు, ఆదివాసీ ఒరియా మాటలాడు పిల్లకు ఆ భాష తెలిసిన పంతులమ్మ లభించు నవకాశము ఆ ఉత్తర్వుల వలన గలిగినది. నూటికి నూరుపాళ్ల ప్రత్యేకింపు చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు 3వ నంబరు ఉత్తర్వును కొట్టివేసినది మొదలు, దాని పునరుద్ధరణకై మన్యమున బంద్‌లు జరుగుచునేయున్నవి. తార నిష్క్రమించిన తరువాతను మరియొక ఉత్తర్వు రూపమున 2020వరకు నిలిచిన ఆ హక్కు, తారాకీర్తి సంస్థారూపమును దాల్చినప్పుడు ఎంతటి మేలు చేయునో తెలుపుచున్నది.

అమెరికాలో మరియొక సంఘటన ఆదివాసులకు సంబంధించినదే కలదు. 1973 మార్చి 27న 'ది గాడ్‌ఫాదర్' చిత్రమున నటనకు ఉత్తమనటుడుగ ఎన్నికైన మార్లన్ బ్రాండో ఆస్కారు బహుమానమును తిరస్కరించి, తనకు బదులుగా సచీన్ లిటిల్‌ఫెదర్ అను యువతిని వేదికపైకి పంపెను. అమెరికా ఆదివాసులను చలనచిత్రములు క్రూరులుగను, అనాగరికులుగను చిత్రించుటయు, అప్పుడు వూండెడ్ నీ గ్రామమున ఆదివాసులు సాగించుచుండిన ప్రతిఘటనయు ఆ తిరస్కారమునకు హేతువులని ఆమె ప్రకటించెను. సభలో కొందరు హేళన చేసిరి; ఆమెకు ఆస్కారు బహుమానము నిచ్చు సంస్థ 2022లో గాని క్షమాపణ చెప్పలేదు. తన జీవితమున అత్యున్నతమైన గడియలో తాను మాటలాడక, మాటలాడు నవకాశమును అన్యుల కొసగుట అసామాన్యమైన త్యాగము. అయితే ఆమె మరణానంతరము, ఆమె ఆదివాసి సంతతికి చెందినది కాదని ఆమె సోదరీమణులే ప్రకటింపగా మరియొక వివాదము లేచెను. ఆ వివాదముయొక్క సత్యాసత్యము లెట్లున్నను, దానినుండి మనము గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. వేదికను అప్పగించుట మంచిదే. కాని ఆ వేదికనెక్కువారిని తార యెన్నుకొనరాదు, ఆ ప్రజలే యెన్నుకొనవలెను.

హ్యారీ బెలఫాంటే అను గాయకుడు ఈ ధర్మమును బాగుగా నెరిగినవాడు. 1963లో బర్మింగ్‌హామ్ నగరమున నిర్బంధింపబడిన పౌరహక్కుల ఉద్యమకారుల జామీనులకు ధనమును సమకూర్చెను. 1964 ఆగస్టులో నటుడు సిడ్నీ పోయిటియర్‌తో గూడి, ప్రాణాపాయమున్నదని తెలిసియు, వేలకొలది డాలర్ల నగదును మిసిసిపీ రాష్ట్రపు గ్రీన్‌వుడ్ పట్టణమునకు స్వయముగ కొనిపోయి యువకార్యకర్తల కందించెను. ఉద్యమమునకు నాయకుడు తాను కాలేదు. నాయకత్వము దక్షిణాది నల్లజాతి జనమునదిగనే యుండెను. ముష్టియోధుడు మహమ్మద్ అలీ 1967 ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధమునకు సైన్యమున చేరుటకు నిరాకరించి, ప్రపంచవిజేత బిరుదమును, మూడేండ్లకు పైబడిన తన యౌవనబలమును కోల్పోయి, 1971 జూన్‌లో గాని సుప్రీంకోర్టున న్యాయమును పొందలేకపోయెను. ఈ మువ్వురి చరిత్రలును చెప్పునది ఒక్కటే. సామాజిక బాధ్యత అనునది తారకు ఏదో యొక నష్టము కలిగించినప్పుడే ప్రజలు దానిని విశ్వసింతురు. ధనమో, పదవియో, వేదికయో పోగొట్టుకొనుటకు సిద్ధపడని ఔదార్యము ప్రచారమునకు దగ్గరి చుట్టమని జనము త్వరలోనే పసిగట్టుదురు.

ఓటరు మందమతి యనియు, తార యెటు చూపిన నటు పోవుననియు తలచుట పొరపాటు. గాయని టేలర్ స్విఫ్ట్ 2024 సెప్టెంబరులో తన మద్దతును ప్రకటించిన యొక్కరోజులో నాలుగు లక్షలమందికి పైగా అమెరికనులు ఓటరు నమోదు సమాచారమునకై ప్రభుత్వ వెబ్‌సైటును దర్శించిరి. అయినను ఆమె బలపరచిన అభ్యర్థిని ఆ యెన్నికలో నోడిపోయెను. తెలుగునాటను ఇదే వివేకము కనబడును. 2008లో తిరుపతి మహాసభతో ప్రజారాజ్యమును స్థాపించిన శ్రీ చిరంజీవికి 2009లో 294 స్థానములలో పదునెనిమిది మాత్రమే లభించెను. ఆ పార్టీ 2011లో కాంగ్రెసున లీనమయ్యెను. కాని ఆయన 1998లో స్థాపించిన రక్తనిధి నేటికిని నడచుచున్నది. పార్టీ గతించి రక్తనిధి నిలుచుటలో తారలందరు నేర్చుకొనదగిన పాఠము కలదు. శ్రీ పవన్ కల్యాణ్ 2019లో పోటీచేసిన రెండుచోట్లను ఓడిపోయి, అయిదేండ్లు జనములో తిరిగిన తరువాత 2024లో ఆయన పార్టీ పోటీచేసిన ఇరువదియొక్క స్థానములను గెలిచెను. చప్పట్లు కొట్టిన చేతులే ఓటు వేయుటకు ముందు ఆలోచించుచున్నవి. సంతకు వచ్చు మన్యపు స్త్రీ, తారను చూచి ముచ్చటపడుటయు, బ్యాలెట్ యంత్రము ముందర తన బ్రతుకును తలచుకొనుటయు రెండును ఎరిగినది.

తెరమీది బాధ్యత గూడ విచారణీయము. 2024 ఆగస్టులో శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల విషయమై బెంగళూరు వెళ్లినప్పుడు శ్రీ పవన్ కల్యాణ్, ఒకప్పటి కథానాయకుడు అడవిని కాపాడగా నేటి కథానాయకుడు అడవిని నరకి దొంగరవాణా చేయుచున్నాడను భావమును వెలిబుచ్చిరి. 2021లో వచ్చి జాతీయ బహుమానమును పొందిన, అట్టి దొంగరవాణాదారు కథయైన 'పుష్ప' చిత్రము మారేడుమిల్లి అడవులలో చిత్రింపబడినదే. కళాకారునికి దొంగకథను చెప్పు స్వాతంత్ర్యము లేదని మే మనము. దొంగను మహాకావ్యమున నిలిపిన దేశములును కలవు. కాని గంజాయి మూటలు మోసి పట్టుబడి, బెయిలునకు పూచీదారులు దొరకక దూరపు జైళ్లలో మ్రగ్గు కుమారుల కొరకు ఎదురుచూచు తల్లిదండ్రులు మన్యమున నున్నారు. వారి పక్షమునుండి చూచినప్పుడు, అడవిని కథకు నేపథ్యముగ వాడుకొని, అడవిలో బ్రతుకువారిని నాయకుని వెనుక వరుసలో నిలబెట్టి, థింసా నృత్యముతో స్వాగతము పలికించి వెళ్లిపోవు కథాసంప్రదాయము న్యాయముగ తోచదు. గంటందొర, మల్లుదొరలు కథానాయకులైన చిత్ర మొకటి, ఈ కొండలలో పుట్టిన నటీనటులతో వచ్చిననాడు చలనచిత్రసీమ తన ఋణములో కొంతైన తీర్చుకొన్నట్లగును.

నటునియందు మాత్రమే యింత బాధ్యతను మోపుట న్యాయమా, వర్తకునియందును, కాంట్రాక్టరునందును, వృత్తిరాజకీయవేత్తయందును మోపవలదా యని కొంద రడుగుదురు. తప్పక మోపవలెను. అయినను తార స్థితి వేరు. వర్తకునికి ప్రజలు సరకునకు ధర యిత్తురు. తారకు టికెట్టు ధరతోపాటు తమ యౌవనమును, స్వప్నములను, పిల్లలకు పెట్టు పేర్లను గూడ ఇత్తురు. ప్రతిఫల మపేక్షింపక యిచ్చినదానికి లెక్క చెప్పవలసిన బాధ్యత, ధరకు అమ్ముడుపోయినదానికి గల బాధ్యతకంటె గురుతరమైనది. అదియుగాక ఆ తార అటవీశాఖకును, పంచాయతీరాజ్ శాఖకును అధిపతియైనప్పుడు, ఈ కొండలవారి నిత్యజీవితమున రెండు ప్రధానద్వారముల తాళములును ఆయన చేతనే యున్నవి.

అందువలన ఈ మండలమునుండి కొన్ని విన్నపములను స్పష్టముగ చేయుచున్నాము. మొదటిది, 1996నాటి పెసా చట్టము గ్రామసభకు ఇచ్చిన అధికారమును మాటలలో గాక ఆచరణలో గౌరవింపవలెను. మంత్రి కొండ యెక్కివచ్చుట సంతోషమే. వచ్చినప్పుడు వేదికపై తాము కూర్చుండి గ్రామస్థులను క్రింద కూర్చుండబెట్టుటకు బదులు, గ్రామసభలో సభ్యులనడుమ కూర్చుండి, వారి తీర్మానమును వారి భాషలోనే విని, సంతకముతో సమాధానము చెప్పవలెను. రెండవది, అడవితల్లి బాటలో మంజూరైన రోడ్లు, కల్వర్టులు, వెచ్చించిన ధనము, పూర్తికావలసిన గడువు ప్రతి పంచాయతీ కార్యాలయపు గోడపై తెలుగులో వ్రాయించి, వానకాలానంతరము మరమ్మతులకు ప్రత్యేకనిధిని కేటాయింపవలెను. రోడ్డు వేయుట ఒకనాటి పండుగ, దానిని నిలుపుట నిత్యకృత్యము. మూడవది, సుప్రీంకోర్టు తీర్పునకు లోబడియే స్థానిక గిరిజన యువతకు ఉపాధ్యాయపదవులు దక్కు చట్టబద్ధమైన మార్గమును రాష్ట్రప్రభుత్వము వెదకవలెను. నాల్గవది, మన్యమున చిత్రీకరణలకు వసూలగు రుసుములలో ఒక భాగము ఆ గ్రామసభలకే చేరు నియమము రావలెను.

తెలుగు తారలకును, వారి అభిమానులైన మన్యపు యువకులకును చెప్పవలసినది వేరుగ లేదు. తార మీ యూరికి వచ్చినప్పుడు ఫోటో దిగుటకు ముందుగా మీ గ్రామసభ తీర్మానపు నకలును ఆయన చేతి కందింపుడు. ఆరుమాసముల తరువాత దాని గతి యేమైనదో అడుగుడు. అడుగుట అవమానము కాదు, అభిమానమునకు అదియే గీటురాయి. తన కీర్తిని ఆ తీర్మానమునకు సేవకునిగ చేసిన నటుడు నాయకుడగును. చేయలేని నటుడు ఎంతటి సభను కూర్చినను ఈ కొండలకు అతిథి మాత్రమే.